ఉత్కళ సీమ

విశాఖపట్నం నుంచి హౌరా వైపు వెళ్లే రైలు ఇచ్ఛాపురం దాటగానే స్టేషన్ల పేర్లు మరో లిపిలో కనిపిస్తాయి. ఆ అక్షరాలు కూడా తెలుగు అక్షరాల లాగే గుండ్రంగా ఉంటాయి. అది ఒడియా లిపి. పూర్వం తాటాకుల మీద గంటంతో రాసేటప్పుడు అడ్డంగా గీత గీస్తే ఆకు ఈనె వెంట చీలిపోయేది. అందుకే నాగరిలో ఉండే తలకట్టు గీత ఒడియాలో వంపు తిరిగి గొడుగులా మారిందని పండితులు చెబుతారు. భాష ఉత్తరాదిది, అక్షరాల తీరు దక్షిణాదిది. ఒడిశా రాష్ట్రం గురించి చెప్పవలసిన మాటలలో ఇది మొదటిది. దేశపు తూర్పు తీరాన ఉత్తర దక్షిణాలు కలిసే చోట ఈ రాష్ట్రం ఉంది.

ఈ నేలకు పేర్లు అనేకం. కళింగమనీ, ఉత్కళమనీ, ఓడ్రదేశమనీ పాత గ్రంథాలలో కనిపిస్తుంది. ఈ మూడూ ఒకప్పుడు వేరువేరు సీమలు. కాలక్రమంలో ఒకటిగా కలిసిపోయాయి. ఆంగ్లేయుల కాలం నుంచి ‘ఒరిస్సా’ అని వ్యవహరించిన ఈ రాష్ట్రం పేరును 2011లో పార్లమెంటు చట్టం ద్వారా ‘ఒడిశా’గా మార్చారు. తెలుగువారి ఇళ్లలో మాత్రం పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ఒరిస్సా’ అనే అంటుంటారు.

ఒడిశాకు తూర్పున బంగాళాఖాతం, దక్షిణాన ఆంధ్రప్రదేశ్, పడమట ఛత్తీస్‌గఢ్, ఉత్తరాన జార్ఖండ్, ఈశాన్యాన పశ్చిమ బెంగాల్ ఉన్నాయి. వైశాల్యం 1,55,707 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం జనసంఖ్య సుమారు 4 కోట్ల 20 లక్షలు. వారిలో ప్రతి వందమందిలో దాదాపు 23 మంది గిరిజనులు. 1992 వరకు 13 జిల్లాలే ఉండేవి. ఇప్పుడు 30 జిల్లాలున్నాయి. తెలుగువారు ఎక్కువగా నివసించే గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలు దక్షిణ కొసన ఆంధ్రప్రదేశ్ సరిహద్దు వెంట ఉన్నాయి.

కొండలు, నదులు

సముద్రపు ఒడ్డున సన్నని మైదానం, దాని వెనుక తూర్పు కనుమలు, కనుమల ఆవల పీఠభూమి. ఒడిశా స్వరూపాన్ని స్థూలంగా ఇలా ఊహించుకోవచ్చు. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి శిఖరం 1,672 మీటర్ల ఎత్తుతో రాష్ట్రంలోకెల్ల ఉన్నతమైనది. మైదానాన్ని నిర్మించినవి నదులు. ఉత్తరాన సువర్ణరేఖ, బుఢాబలంగ, బైతరణి, బ్రాహ్మణి, నడుమ మహానది, దక్షిణాన ఋషికుల్య. మహానది ఛత్తీస్‌గఢ్‌లోని సిహావా కొండలలో పుట్టి, కటకం దగ్గర పాయలుగా చీలి, విశాలమైన డెల్టాను ఏర్పరచింది. మహానదికీ దాని పాయ అయిన కాఠజోడికీ మధ్య చిక్కుకున్న కటక నగరాన్ని వరద నుంచి కాపాడటానికి పూర్వకాలపు రాజులు కట్టించిన రాతి కట్ట నేటికీ ఉంది.

శ్రీకాకుళం రైతులకు ప్రాణాధారమైన వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండలలోనే పుడతాయి. వంశధార కలహండి, రాయగడ జిల్లాల ఎత్తు ప్రదేశాల నుంచి దిగివచ్చి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. ఒక రాష్ట్రపు అడవిలో కురిసిన వాన మరొక రాష్ట్రపు వరిచేలో పారుతుంది. ఈ నదుల నీటిని పంచుకోవడంలో రెండు రాష్ట్రాల మధ్య వివాదాలు వచ్చాయి. మరోవైపు మాచ్‌ఖండ్ వద్ద రెండు ప్రభుత్వాలూ కలిసి నిర్మించిన జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి ఇరుపక్షాలకూ వెలుగునిస్తోంది.

చిలికా సరస్సు

బరంపురం దాటి కొంతదూరం పోయాక రైలుకు ఎడమ వైపున కొండలు, కుడి వైపున అంతులేని నీరు కనిపిస్తుంది. కొత్తవారు దానిని సముద్రమే అనుకుంటారు. అది చిలికా. ఉప్పునీరు, మంచినీరు కలిసిన సరస్సులలో మన దేశంలో ఇదే పెద్దది. ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంటుంది. ఒకవైపు మహానది పాయలు మంచినీటిని తెస్తాయి. మరోవైపు ఇసుక దిబ్బలోని సన్నని గండి గుండా సముద్రపు ఆటుపోట్లు లోపలికి వస్తాయి. ఈ రెండింటి పాళ్లు సరిగా ఉన్నంత కాలం చేప, రొయ్య, పీత సమృద్ధిగా పెరుగుతాయి. శీతకాలంలో ఉత్తర ఆసియా నుంచి లక్షలాది పక్షులు వచ్చి నలబన దీవి చుట్టూ విడిది చేస్తాయి. ఇరావతి డాల్ఫిన్లు అనే అరుదైన జలచరాలు కూడా ఇక్కడ ఉన్నాయి.

అయితే ఆ పాళ్లు ఒకసారి చెడిపోయాయి. నదులు తెచ్చిన ఒండ్రు ఏటేటా పేరుకుని సముద్రపు గండి పూడుకుపోసాగింది. ఉప్పదనం తగ్గింది. నాచు, తుంగ, ఇతర కలుపు మొక్కలు సరస్సును కమ్మాయి. వలలు ఖాళీగా వచ్చాయి. చిలికాను నమ్ముకున్న వేలాది జాలరి కుటుంబాలు అప్పుల పాలయ్యాయి. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సును, 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చవలసి వచ్చింది. అప్పుడు శాస్త్రజ్ఞులు నీటి నడకను పరిశీలించి, పాత గండిని తవ్వితే ప్రయోజనం లేదనీ, సరస్సుకు మరింత దగ్గరగా కొత్త ముఖద్వారం తెరవాలనీ సూచించారు. 2000 సంవత్సరం సెప్టెంబరులో ఆ ద్వారం తెరిచారు. సముద్రపు నీరు మళ్లీ లోపలికి వచ్చింది. కలుపు తగ్గింది, చేపల రాబడి కొద్ది కాలంలోనే ఎన్నో రెట్లు పెరిగింది. 2002లో చిలికాను ప్రమాదపు జాబితా నుంచి తొలగించారు. ఆసియాలో అలా బయటపడిన మొదటి సరస్సు ఇదే.

రాళ్ల మీద చరిత్ర

క్రీ.పూ. 261 ప్రాంతంలో అశోకుడు కళింగంపై దండెత్తాడు. లక్షమంది చనిపోయారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారనీ అశోకుడే తన పదమూడవ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. తన విజయాన్ని తలచుకుని బాధపడ్డానని చెప్పిన రాజులు చరిత్రలో తక్కువ. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. కళింగ దేశంలో అశోకుని శాసనాలు భువనేశ్వర్ దగ్గర ధవళిలోను, గంజాం జిల్లాలో ఋషికుల్య ఒడ్డున జౌగడలోను ఉన్నాయి. ఈ రెండు చోట్లా ఆ పదమూడవ శాసనం లేదు. దానికి బదులు వేరే శాసనాలు చెక్కించాడు. ప్రజలందరూ తన బిడ్డలని, ఎవరినీ అన్యాయంగా బంధించరాదని అధికారులను అందులో హెచ్చరించాడు. ఓడిపోయిన వారి ముంగిట యుద్ధపు లెక్కలు చెప్పడం తగదని అనుకున్నాడేమో!

ఆ తరువాత రెండు శతాబ్దాలు గడవక ముందే కళింగం మళ్లీ తల ఎత్తింది. ఖారవేలుడు అనే రాజు తన ఏలుబడిలోని సంగతులను ఏడాది వారీగా ఉదయగిరిలోని హాథీగుంఫాలో చెక్కించాడు. కళింగ వర్తకులు ఓడలెక్కి ఆగ్నేయాసియా దీవులకు పోయేవారు. కార్తిక పౌర్ణమినాడు కటకంలో జరిగే ‘బాలి యాత్ర’ ఆ సముద్ర ప్రయాణాలకు గుర్తు. ఆనాడు తెల్లవారుజామున పిల్లలు అరటి దొప్పలతో, కాగితాలతో చేసిన చిన్న పడవలలో దీపాలు పెట్టి నీటిలో వదులుతారు.

మధ్యయుగంలో ఈ నేలను ఏలిన తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగరం. అది నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం. అనంతవర్మ చోడగంగదేవుడు పన్నెండవ శతాబ్దంలో ఉత్కళాన్ని జయించి రాజధానిని కటకానికి మార్చాడు. పూరీలోని నేటి జగన్నాథాలయ నిర్మాణం ఆయన కాలంలో ఆరంభమైంది. పదమూడవ శతాబ్దంలో ఒకటవ నరసింహదేవుడు కోణార్కలో సూర్యునికి రథం ఆకారంలో ఆలయం కట్టించాడు. గాంగుల తరువాత గజపతులు వచ్చారు. కపిలేంద్ర గజపతి తెలుగు తీరాన్ని చాలావరకు ఆక్రమించాడు. ఆయన మనుమడు ప్రతాపరుద్రుని కాలంలో శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీడును గెలుచుకుని, ఆపై సింహాచలం దాకా నడిచాడు. కాబట్టి రాజుల యుద్ధాలు చదివేటప్పుడు తెలుగువారు ఇటు, ఒడియావారు అటు అని గీత గీయడం కుదరదు. ఒకే కుటుంబం వారు శ్రీకూర్మంలోను, పూరీలోను దానశాసనాలు వేయించారు.

తొమ్మిదవ అంకం

పూరీ గజపతి రాజుల పరిపాలనా సంవత్సరాలను లెక్కించే పద్ధతికి ‘అంకం’ అని పేరు. ఆ లెక్క విచిత్రమైనది. ఒకటి అశుభమని వదిలేస్తారు. ఆరుతో ముగిసే అంకెలను, పది తప్ప సున్నతో ముగిసే అంకెలను కూడా లెక్కలోకి తీసుకోరు. ఆ విధంగా రాజు ఏడవ ఏడు తొమ్మిదవ అంకం అవుతుంది. దివ్యసింహదేవుని తొమ్మిదవ అంకంలో, అంటే 1866లో వచ్చిన కరువును ఒడిశా ప్రజలు ‘నఅంక దుర్భిక్షం’ అని పిలుస్తారు.

1865లో సెప్టెంబరుతోనే వానలు ఆగిపోయాయి. శీతకాలపు వరి పంట చాలావరకు పోయింది. ఆ రోజుల్లో కటకం, పూరీ, బాలాసోరు జిల్లాలకు మంచి బాటలు లేవు, రైలు లేదు. వానాకాలంలో రేవులు మూతపడేవి. ఉన్న ధాన్యం అయిపోతే బయట నుంచి తెచ్చుకునే దారి లేదు. ధరలు పెరిగిపోతున్నాయని స్థానికులు మొరపెట్టుకున్నారు. ప్రభుత్వమే బియ్యం తెప్పించాలన్న ప్రతిపాదనను కలకత్తాలోని రెవెన్యూ బోర్డు తోసిపుచ్చింది. ధర పెరిగితే వర్తకులే సరుకు తెస్తారు, ప్రభుత్వం వ్యాపారంలో జోక్యం చేసుకోరాదు అన్నది వారి సిద్ధాంతం. కాని బాటలే లేని చోటికి ఏ వర్తకుడు వస్తాడు? కూలి దొరకని మనిషి ఏ ధరకైనా ఎలా కొంటాడు? వేసవి చివరలో ప్రభుత్వం మేలుకుని బియ్యం ఓడలను పంపేసరికి ఋతుపవనాలు వచ్చాయి. ఓడలలోని బియ్యాన్ని ఒడ్డుకు దించడమే గగనమైంది. ఆపై అదే ఏడు మహానదికి వరద వచ్చింది. ఏడాది తిరిగేలోగా సుమారు పది లక్షల మంది, అంటే ఆ జిల్లాలలోని ప్రతి ముగ్గురిలో ఒకరు ప్రాణాలు కోల్పోయారు. గంజాం జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. అక్కడ కూడా కరువు తాకింది.

ఇది కేవలం వాన లేకపోవడం వల్ల కలిగిన చావు కాదు. ఆ తరువాత నియమించిన విచారణ సంఘం కూడా అధికారుల జాప్యాన్ని తప్పుపట్టింది. కాలువలు, బాటలు, బడులు ఈ కరువు తరువాతనే వేగం పుంజుకున్నాయి. మద్రాసును కలకత్తాతో కలిపే తీరపు రైలుమార్గం 1890లలో వచ్చింది. ఒడియా భాషలో వార్తాపత్రిక కూడా కరువు నడుమనే పుట్టింది. గౌరీశంకర రాయ్ 1866లో కటకంలో స్థాపించిన ‘ఉత్కళ దీపిక’ ప్రజల బాధలను అచ్చులో పెట్టి అధికారులకు చూపింది.

భాష కోసం ఒక రాష్ట్రం

ఆనాడు ఒడియా మాట్లాడేవారు మూడు నాలుగు పాలనల కింద చెదిరి ఉన్నారు. కటకం, పూరీ, బాలాసోరు బెంగాలులో, గంజాం మద్రాసులో, సంబల్‌పూర్ మధ్య పరగణాలలో, మిగిలినది సంస్థానాధీశుల కింద. ప్రతిచోటా వారు అల్పసంఖ్యాకులే. 1870లో ఒక బెంగాలీ ఉపాధ్యాయుడు ‘ఒడియా స్వతంత్ర భాష కాదు’ అని పుస్తకమే రాశాడు. బడులలో బెంగాలీ చాలునని వాదించినవారు ఉండేవారు. ఫకీర్ మోహన్ సేనాపతి వంటివారు దీనిని ఎదిరించారు. పాఠ్యపుస్తకాలు లేవన్నది ప్రత్యర్థుల వాదం కనుక, ఆయన బాలాసోరులో అచ్చుయంత్రం పెట్టించి పుస్తకాలు రాసి చూపించారు. ఆ తరువాత ఆయన రాసిన ‘ఛ మాణ ఆఠ గుంఠ’ అనే నవల, ఒక పేద నేతకాపు కుటుంబం తన చెక్క భూమిని ఎలా పోగొట్టుకుందో చెబుతుంది. సంబల్‌పూర్‌లో 1890లలో కచేరీ భాషగా హిందీని ప్రవేశపెట్టినప్పుడు ప్రజలు ఆందోళన చేసి ఒడియాను తిరిగి సాధించుకున్నారు.

1903లో మధుసూదన దాస్ ‘ఉత్కళ సమ్మిళని’ని ప్రారంభించారు. చెదిరిన ఒడియా ప్రాంతాలన్నీ ఒకే పాలన కిందకు రావాలన్నది దాని కోరిక. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి లండనులో జరిగిన రౌండ్ టేబుల్ సమావేశంలో ఈ కోరికను వినిపించారు. చివరికి 1936 ఏప్రిల్ 1న ఆరు జిల్లాలతో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. స్వాతంత్ర్యం తరువాత సంస్థానాలు కూడా విలీనమయ్యాయి. వాటిలో మయూర్‌భంజ్ 1949లో చివరిగా చేరింది. 1948లో భువనేశ్వర్ కొత్త రాజధానికి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు.

భాషను బట్టి సరిహద్దు గీయడం చెప్పినంత సులభం కాదు. ఒకే వీధిలో ఒక ఇంట తెలుగు, పక్కింట ఒడియా, కొండమీద సవర మాట్లాడే చోట గీత ఎక్కడ గీయాలి? గంజాం జిల్లాను విడదీశారు. పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేశారు. పట్టణం ఒడిశాకు, జమీలో మరికొంత భాగం మద్రాసుకు వెళ్లాయి. ఇచ్ఛాపురం ఇటు మిగిలింది, బరంపురం అటు పోయింది. వ్యావహారిక భాషకు పట్టం కట్టిన గిడుగు రామమూర్తి పంతులు తన జీవితంలో అధికభాగం పర్లాకిమిడిలోనే గడిపారు. అక్కడి రాజావారి పాఠశాలలో పాఠాలు చెబుతూ, చుట్టుపక్కల కొండలలోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడం ఆయనకు సమ్మతం కాలేదు. 1936లో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఒక భాషవారికి పండుగైన రోజు పక్కింటివారికి దిగులైన రోజు కావడం చరిత్రలో అరుదు కాదు. ఒడియావారు మద్రాసు రాజధానిలో అల్పసంఖ్యాకులుగా అనుభవించిన బెంగనే, ఈ పక్కన మిగిలిన తెలుగువారు ఆనాడు అనుభవించారు.

కొత్త గీత పాత బంధాలను తెంచలేదు. ఒడిశాలో కలిసిన జయపురం సంస్థానాధిపతి విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున విరాళమిచ్చారు. అక్కడి శాస్త్ర కళాశాల ఆయన పేరనే నెలకొంది.

ఆనకట్ట, గనులు

మహానది వరదలను అరికట్టాలంటే పైన జలాశయాలు కట్టాలని మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1937లోనే సూచించారు. ఆ ఆలోచన నుంచి సంబల్‌పూర్ దగ్గర హిరాకుడ్ ఆనకట్ట రూపొందింది. 1957లో నెహ్రూ దానిని జాతికి అంకితం చేశారు. నది మీది కట్ట దాదాపు 4.8 కిలోమీటర్లు. రెండు పక్కల మట్టికట్టలతో కలిపితే 25 కిలోమీటర్లకు పైమాటే. సంబల్‌పూర్, బర్గఢ్ ప్రాంతాల మెట్టభూములు వరి చేలయ్యాయి. కరెంటు వచ్చింది. అయితే ఆ జలాశయం కింద సుమారు 285 గ్రామాలు మునిగాయి. 22 వేల కుటుంబాలు ఇళ్లు వదిలాయి. పూర్తి పరిహారం కోసం వారిలో అనేకులు దశాబ్దాలు తిరిగారు. నడివేసవిలో నీరు తగ్గినప్పుడు మునిగిన ఊళ్ల గుడి శిఖరాలు బయటపడతాయి. ఇంతా చేసి వరద పూర్తిగా ఆగిందా అంటే, అదీ లేదు. 1982లో, 2008లో, 2011లో డెల్టా మళ్లీ మునిగింది.

ఒడిశా భూమి కడుపులో ఉన్నంత సంపద దేశంలో చాలా కొద్ది రాష్ట్రాలకే ఉంది. ప్రమథనాథ బోస్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1904లో మయూర్‌భంజ్ కొండలలో మేలైన ఇనుప ఖనిజం ఉందని జంషెడ్జీ టాటాకు ఉత్తరం రాశారు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం పుట్టుకకు ఆ ఉత్తరమే నాంది. రూర్కెలాలో జర్మనీ సహకారంతో కట్టిన ప్రభుత్వ ఉక్కు కర్మాగారంలో 1959లో మొదటి కొలిమి వెలిగింది. నేడు దేశంలో తవ్వే ఇనుప ఖనిజంలో సగానికి పైగా, క్రోమైట్‌లో దాదాపు అంతా ఒడిశాదే. తాల్చేరులో బొగ్గు, కోరాపుట్ జిల్లా పంచపట్‌మాలిలో బాక్సైటు ఉన్నాయి. 1966లో పారాదీప్ పెద్ద రేవుగా గుర్తింపు పొందాక ఖనిజాల ఎగుమతి పెరిగింది.

ఇంత సంపద ఉన్న రాష్ట్రం చాలాకాలం దేశంలోని పేద రాష్ట్రాలలో ఒకటిగా ఎందుకు ఉంది? గని తవ్విన లాభం గని ఉన్న ఊరికి చేరలేదన్నది ఒక ముఖ్య కారణం. ఖనిజం రైలెక్కి పోయింది. పనిముట్లుగా, యంత్రాలుగా మారి దాని విలువ పెరిగింది మరొక చోట. అందుకే గంజాం జిల్లా యువకులు వేలాదిగా సూరత్ మరమగ్గాలలో పని వెతుక్కున్నారు. బలంగీర్, నువాపడ కూలీలు సంక్రాంతి నాటికి ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల ఇటుక బట్టీలకు చేరుకుంటారు. తెలుగు నేల మీద లేచిన ఎన్నో ఇళ్ల గోడలలో వారు చేసిన ఇటుకలున్నాయి.

నియమగిరి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. రాయగడ, కలహండి జిల్లాల నడుమ ఉన్న ఈ కొండలలో డొంగ్రియా కొంధులు నివసిస్తారు. పండ్లతోటలు, చిరుధాన్యాలు వారి జీవనాధారం. కొండకు అధిపతి ‘నియమరాజు’ అని, తమకు నడవడి నేర్పినవాడు ఆయనేనని వారి నమ్మకం. కొండ శిఖరం మీద పరచుకున్న బాక్సైటు పొర వాననీటిని పీల్చుకుని ఏడాది పొడుగునా ఊటలుగా వదులుతుంది. ఆ ఊటలు వంశధారలో కలుస్తాయి. ఆ బాక్సైటును తవ్వే ప్రతిపాదన వచ్చినప్పుడు వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. నిర్ణయం గ్రామసభలే చెప్పాలని 2013లో కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ ఏడు వరుసగా జరిగిన పన్నెండు గ్రామసభలూ వద్దనే చెప్పాయి. కొన్ని ఊళ్లలో ఇళ్లు పట్టుమని ఇరవై కూడా లేవు.

వరి, చోళ్లు, మొగలిపూలు

ఒడిశాలో ప్రధానమైన పంట వరి. జయపురం పరిసరాలలో వరి రకాలు ఎంత విస్తారంగా ఉన్నాయంటే, వరి సాగు రూపుదిద్దుకున్న ప్రాంతాలలో ఇదొకటని శాస్త్రజ్ఞులు భావిస్తారు. గిరిజన స్త్రీలు విత్తనాలను ఏటేటా ఎంచి, దాచి, ఇచ్చిపుచ్చుకుంటూ ఈ రకాలను కాపాడుకొచ్చారు. కోరాపుట్ జిల్లా పత్రాపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారి అలా సేకరించిన వరి విత్తనాలకు గాను 2019లో పద్మశ్రీ పొందారు. కొండ వాలులలో పండే చోళ్లను ఒడియాలో ‘మాండియా’ అంటారు. బియ్యం వచ్చాక వెనుకబడిన ఈ పంటను తిరిగి ప్రోత్సహించడానికి 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఒక పథకం మొదలుపెట్టింది.

గంజాం తీరంలో మరో విశేషం మొగలి పొదలు. పొలం గట్ల మీద, వాగుల ఒడ్డున ముళ్లతో అల్లుకునే ఈ పొదల పూలను రాగి డేగిసాలలో మరిగించి అత్తరు తీస్తారు. దేశంలో వాడే మొగలి అత్తరులో అధికభాగం ఇక్కడిదే.

తుఫాను పాఠం

1999 అక్టోబరు 29న పారాదీప్ సమీపంలో పెనుతుఫాను తీరం దాటింది. గాలి గంటకు 250 కిలోమీటర్లకు మించి వీచింది. సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున ఊళ్ల మీదికి వచ్చింది. దాదాపు పదివేల మంది మరణించారు. వారిలో అత్యధికులు జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఎర్సమ ప్రాంతంవారు. 1977 నాటి దివిసీమ ఉప్పెన తెలుగువారికి ఎటువంటిదో, ఇది ఒడిశాకు అటువంటిది. తుఫాను వస్తోందని ముందే తెలుసు. అయినా చాలామందికి ఎక్కడికి పోవాలో తెలియలేదు. పోవడానికి గట్టి కట్టడాలూ లేవు. మడ అడవులు మిగిలి ఉన్న చోట వాటి వెనుకనున్న ఊళ్లలో మరణాలు తక్కువగా ఉన్నాయని తరువాతి పరిశీలనలలో తేలింది.

ఆ ఏడాది చివరనే విపత్తుల నిర్వహణకు రాష్ట్రం ప్రత్యేక సంస్థను ఏర్పరచింది. తీరం వెంట స్తంభాల మీద ఎత్తుగా ఆశ్రయ భవనాలు లేచాయి. మామూలు రోజుల్లో వాటిలో కొన్ని బడులుగా నడుస్తాయి. ఎవరు వృద్ధులను మోయాలి, ఎవరు పశువులను విప్పాలి, ఎవరు ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి అన్నది ఊరివారే ముందుగా పంచుకుని అభ్యాసం చేస్తారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గంజాం జిల్లా గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు సుమారు పది లక్షల మందిని ముందుగానే తరలించారు. ఇళ్లు కూలాయి, మొగలి పొదలు, జీడితోటలు నేలమట్టమయ్యాయి. కాని మృతుల సంఖ్య వేలకు పోలేదు, పదులలోనే ఆగింది. 2019లో ఫని తుఫాను పూరీని తాకినప్పుడూ అంతే. పద్నాలుగేళ్లలో గాలి బలం తగ్గలేదు. తగ్గింది మనుషుల నిస్సహాయత.

బరంపురం

‘పట్టు నగరం’ అని పేరున్న బరంపురంలో తెలుగు నేతవారు తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. కోట గోపురాల వంటి అంచు ఉండే బరంపురం పట్టుచీర వారి చేతి పనే. మన దేశపు నాలుగవ రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి 1894లో ఈ ఊళ్లోనే జన్మించారు. ఇక్కడి గ్రామదేవత బుఢీ ఠాకురాణి. రెండేళ్లకొకసారి వేసవిలో ఆమె యాత్ర జరుగుతుంది. అప్పుడు అమ్మవారు గుడి వదిలి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు మరేదో కాదు, నేతవారి కులపెద్ద అయిన దేశీబెహరా వీధి. ఆడబిడ్డను పిలుచుకు వచ్చినట్లు మేళతాళాలతో తెచ్చి, తాత్కాలికంగా వేసిన పందిరిలో కూర్చోబెడతారు. సుమారు నెల రోజులు ప్రతి రాత్రి ఘటాలు వీధి వీధీ తిరుగుతాయి. పులి వేషాలు, రాముడి వేషాలు, రాక్షసుల వేషాలు వేసి మొక్కు తీర్చుకుంటారు. ఊరివారంతా, ఒడియావారూ తెలుగువారూ, ఆ ఆడబిడ్డకు సారె పెట్టినవారే.

ప్రశ్నలు

1. చిలికా సరస్సులో ఉప్పదనం తగ్గడం వల్ల జాలరులకు ఎందుకు నష్టం కలిగింది? కొత్త ముఖద్వారం ఆ స్థితిని ఎలా మార్చింది?
2. 1866 నాటి కరువులో అంతమంది మరణించడానికి వాన లేకపోవడం ఒక్కటే కారణమా? మీ సొంత మాటలలో రాయండి.
3. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని గురించి ఒక ఒడియా విద్యార్థి, ఒక తెలుగు విద్యార్థి 1936లో ఎలా మాట్లాడుకుని ఉంటారో సంభాషణగా రాయండి.
4. మీ కుటుంబం మీరున్న ఊరికి ఎప్పుడు, ఎందుకు వచ్చిందో ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకుని పది వాక్యాలు రాయండి.